ఘోడా దించినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు: పిస్టల్‌లో డీకాకర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

2024 అక్టోబర్ 1న తెల్లవారుజామున ముంబైలో సినీ నటుడు గోవిందా ఇంట్లో ఆయన లైసెన్స్ రివాల్వర్ పేలింది. తూటా ఆయన కాలికి తగిలింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి దాన్ని బయటకు తీశారు. రివాల్వర్‌ని లోపల పెట్టేస్తుండగా చేతిలోంచి జారిపడి పేలిందని ఆయన మేనేజర్ మీడియాకు చెప్పారు.

ఆ వార్త చూసిన చాలామందికి వచ్చిన డౌటు ఒక్కటే. కావాలని ట్రిగ్గర్ నొక్కకపోయినా తుపాకీ పేలుతుందా? అలా పేలకుండా అందులో ఏ ఏర్పాటూ ఉండదా?

ఏర్పాట్లు ఉంటాయి. రివాల్వర్‌లో ఒక రకం, పిస్టల్‌లో ఇంకో రకం. పిస్టళ్లలో ఉండే అలాంటి ఏర్పాట్లలో ముఖ్యమైనది, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది డీకాకర్. లైసెన్స్ ఆయుధం ఉన్న ఇళ్లవాళ్లు, అమెరికాలో తుపాకీ కొనుక్కున్న బంధువులున్నవాళ్లు, గన్‌మన్‌గానో సెక్యూరిటీ గార్డుగానో పనిచేసే వాళ్ల కుటుంబాలు దీని గురించి తెలుసుకోవడం మంచిది.

ఘోడా అంటే ఏమిటి?

పిస్టల్ వెనక భాగంలో చిన్న సుత్తిలాంటిది ఉంటుంది. ఇంగ్లీషులో హ్యామర్, ఉర్దూలో ఘోడా అంటారు. అది వెనక్కి లాగి ఉన్నప్పుడు స్ప్రింగ్ బిగుసుకుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఘోడా ముందుకు దూకి ఫైరింగ్ పిన్ అనే సన్నని మేకుని కొడుతుంది. ఆ మేకు తూటా అడుగున తగిలి మందు అంటుకుంటుంది.

మొదటి తూటాని గదిలోకి, అంటే ఛాంబర్‌లోకి ఎక్కించడానికి పైనున్న స్లైడ్‌ని వెనక్కి లాగి వదులుతారు. ఆ పనితో ఘోడా కూడా వెనక్కి వెళ్లి అక్కడే నిలబడిపోతుంది. ఆ స్థితిలో ట్రిగ్గర్ చాలా తేలిక. ఉదాహరణకు బెరెట్టా 92 అనే పిస్టల్‌లో ఘోడా లేచి ఉన్నప్పుడు సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి చాలు. ఘోడా దిగి ఉంటే మొదటిసారి నొక్కడానికి దాదాపు రెట్టింపు బలం కావాలి.

ఘోడా లేచి ఉన్న పిస్టల్‌ని అలాగే నడుముకు పెట్టుకుని తిరగడం ప్రమాదం. కాల్చకుండానే దాన్ని దించాలి. ఎలా? పాత పద్ధతి ఏమిటంటే, బొటనవేలితో ఘోడాని గట్టిగా పట్టుకుని, ఇంకో వేలితో ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా కిందికి వదలడం. చెమట పట్టిన వేలు ఒక్కసారి జారితే చాలు, తూటా బయటకు వచ్చేస్తుంది.

డీకాకర్ చేసే పని

ఈ ప్రమాదాన్ని తప్పించడానికే డీకాకర్ వచ్చింది. ఇది ఒక చిన్న లివర్. దాన్ని నొక్కితే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే ఘోడా కిందికి దిగుతుంది. దిగేటప్పుడు దెబ్బ ఫైరింగ్ పిన్‌కి చేరకుండా లోపల ఒక అడ్డు పడుతుంది.

జర్మనీకి చెందిన వాల్తర్ కంపెనీ 1929లో తెచ్చిన పీపీ పిస్టల్, ఆ తర్వాత జర్మన్ సైన్యానికి ఇచ్చిన పీ38 ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. వాటిలో లివర్ స్లైడ్ మీద ఉంటుంది. కిందికి తిప్పితే ఘోడా దిగుతుంది, సేఫ్టీ కూడా పడుతుంది. రెండు పనులూ ఒకే లివర్‌తో.

1985లో అమెరికా సైన్యం ఎమ్9 పేరుతో ఎంచుకున్న బెరెట్టాలోనూ లివర్ స్లైడ్ మీదే ఉంటుంది. కానీ లోపలి తెలివి వేరు. అందులో ఫైరింగ్ పిన్ రెండు ముక్కలు. లివర్ దించగానే వెనక ముక్క పక్కకు తిరిగిపోతుంది. ఘోడా ఎంత గట్టిగా పడినా ముందు ముక్కకు దెబ్బ అందదు.

1970లలో వచ్చిన సిగ్ పీ220, ఆ తర్వాతి పీ226ల్లో లివర్ పిడికి పైన, ఎడమవైపు ఫ్రేమ్ మీద ఉంటుంది. అది ఘోడాని దించుతుంది, అంతే. చేత్తో వేసే సేఫ్టీ వీటి మామూలు రకాల్లో ఉండదు. ఘోడా పూర్తిగా ముందుకు పోకుండా మధ్యలో ఒక గాడిలో ఆగిపోతుంది. దానికి తోడు, ట్రిగ్గర్ చివరిదాకా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ కదలకుండా ఇంకో అడ్డు కూడా ఉంటుంది.

ఎక్కడ తేడా కొట్టింది?

బాగున్న పిస్టల్‌లో, భాగాలు అరగకుండా ఉన్నంతవరకు డీకాకర్ నమ్మదగినదే. కొన్ని దేశాల సైన్యాలు, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్నారు. కానీ అది ఇనుప ముక్కల యంత్రమే. అరుగుతుంది, విరుగుతుంది, తయారీలోనే లోపంతో రావచ్చు.

అమెరికాలో రూగర్ కంపెనీ 1987లో పీ85 అనే పిస్టల్‌ని మార్కెట్‌లోకి తెచ్చింది. ఫైరింగ్ పిన్ ముందు భాగం విరిగిపోయిన పిస్టళ్లలో డీకాక్ లివర్ నొక్కినప్పుడే తూటా పేలే అవకాశం ఉందని తర్వాత బయటపడింది. కంపెనీ వాటిని వెనక్కి తెప్పించుకుని ఉచితంగా మార్పు చేసింది.

2009 ఫిబ్రవరిలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తాను అమెరికాలో తయారుచేసిన వాల్తర్ పీపీకే, పీపీకే/ఎస్ పిస్టళ్లను రీకాల్ చేసింది. 2002 మార్చి నుంచి దాదాపు ఏడేళ్లపాటు తయారైన సరుకు అది. కారణం: ఘోడాని దించేటప్పుడు ట్రిగ్గర్ నొక్కకపోయినా ఛాంబర్‌లో ఉన్న తూటా పేలవచ్చు. అంటే ఏ ప్రమాదాన్ని ఆపడానికి ఆ భాగం పెట్టారో అదే ప్రమాదం దాని దగ్గర పొంచి ఉందన్నమాట.

యుద్ధకాలం నాటి పాత పీ38ల విషయంలోనూ ఇదే హెచ్చరిక వినిపిస్తుంది. ఎనభై ఏళ్ల పాత లోహం మీద నమ్మకం పెట్టి, తూటా ఉండగా ఆ లివర్ తిప్పొద్దని వాటి సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

యంత్రం బాగానే ఉన్నా మనిషి పొరపడే చోటు ఇంకొకటి ఉంది. బెరెట్టాలో లివర్ కిందికి ఉంటే సేఫ్. రష్యన్ మకరోవ్‌లో పైకి ఉంటే సేఫ్. ఒక తుపాకీకి అలవాటుపడిన చెయ్యి ఇంకో తుపాకీ పట్టుకుంటే రివర్స్‌లో నొక్కేస్తుంది. అందుకే ఎవరిదో తుపాకీ ‘ఒకసారి ఇవ్వు చూస్తా’ అని చేతిలోకి తీసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

అన్ని పిస్టళ్లలోనూ ఉండదు

మన దేశంలో పోలీసులు, బలగాలు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న 9 ఎంఎం ఆటో పిస్టల్ బ్రౌనింగ్ హైపవర్ నమూనాలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. దానికి సేఫ్టీ ఉంది, డీకాకర్ లేదు. పాత రష్యన్ టీటీ పిస్టల్‌కైతే విడిగా సేఫ్టీ లివర్ కూడా లేదు, ఘోడా సగంలో ఆగే గాడి ఒక్కటే దిక్కు. చెక్ రిపబ్లిక్ సీజెడ్ 75 మొదటి రకాల్లో ఘోడాని చేత్తోనే దించాలి. డీకాకర్ ఉన్న రకాలు తర్వాత వచ్చాయి.

గ్లాక్‌లో బయటికి కనిపించే ఘోడానే ఉండదు కాబట్టి డీకాకర్ ప్రసక్తే లేదు. అక్కడ ప్రమాదం వేరే చోట ఉంది. శుభ్రం చేయడానికి దాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఛాంబర్‌లో తూటా ఉందో లేదో చూడకుండా నొక్కితే అంతే సంగతులు.

ఇక దొంగచాటుగా అమ్మే నాటు తమంచాల్లో ఏ రక్షణ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. ఎదుటివాడి కంటే ముందు పట్టుకున్నవాడి చెయ్యి పోయే వస్తువు అది.

ఘోడా దిగింది, తూటా ఎక్కడుంది?

అసలు విషయం ఇదే. డీకాకర్ తుపాకీని ఖాళీ చేయదు. ఘోడాని మాత్రమే దించుతుంది. తూటా ఛాంబర్‌లోనే ఉంటుంది. ట్రిగ్గర్ బరువు పెరుగుతుంది, అంతే తేడా. ఆ బరువు పిల్లల్ని ఆపుతుందనుకోవడం భ్రమ. ఒక వేలితో నొక్కలేని పిల్లాడు తుపాకీని తనవైపు తిప్పుకుని రెండు బొటనవేళ్లతో నొక్కగలడు.

మేగజైన్ తీసేస్తే ఖాళీ అయిందనుకోవడం రెండో భ్రమ. అంతకుముందే ఛాంబర్‌లోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. వరస తప్పినా ముప్పే. మేగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఒక తూటా బయటపడుతుంది, మేగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. చూసేవాళ్లకు ఖాళీ చేసినట్టే ఉంటుంది.

సరైన వరస ఇది. మొదట తుపాకీ మూతి మనుషులు లేని, తూటాని ఆపగల దిక్కుకు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. తర్వాత మేగజైన్ తీయాలి. ఆ తర్వాత స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి, వేలితో తడిమి చూసుకోవాలి. అప్పుడే అది ఖాళీ. ఇది కూడా ఆ తుపాకీ మీద శిక్షణ తీసుకున్న మనిషే చేయాలి. ఇంట్లో మిగతావాళ్లు ముట్టుకోకూడదు.

చట్టం, ఇల్లు

2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్స్ కోరేవాళ్లకు సేఫ్టీ శిక్షణ పెట్టారు. ఆయుధాన్ని పట్టుకోవడం, భద్రపరచడం అందులో భాగం. 2019 సవరణతో పెళ్లి ఊరేగింపుల్లో, వేడుకల్లో నిర్లక్ష్యంగా గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఆ తుపాకీ లైసెన్స్‌దే అయినా సరే.

ఇంట్లో ఆయుధం ఉన్నవాళ్లు ఈ మూడు పనులు చేస్తే చాలు. తూటాలు తీసేసి తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, తూటాలకు వేరే చోటు, వేరే తాళం ఉండాలి. పరుపు కింద, బీరువాలో బట్టల మధ్య పెట్టడం దాచడం కిందికి రాదు, ఆ చోట్లన్నీ పిల్లలకు తెలుసు. లివర్ వదులైనా, ఘోడా ఎప్పుడూ దిగినట్టు దిగకపోయినా సొంత రిపేర్లు చేయకుండా లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్‌కో, ఆర్మరర్‌కో చూపించాలి. అమెరికాలో ఉన్నవాళ్లు తమ మోడల్ మీద రీకాల్ ఉందేమో సీరియల్ నంబర్‌తో కంపెనీ దగ్గర కనుక్కోవాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఇది తప్పనిసరి.

ఊరి నుంచి ఫోన్ చేసే అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే. ‘లాక్ వేశావా’ అంటే అవుననే జవాబు వస్తుంది. ‘తూటా బయట ఉందా, లోపల ఉందా’ అని అడగాలి.