నాలుక ఉన్న సూది, కిటికీకి లేసు తెర

ఇంట్లో వాడే మామూలు అల్లిక యంత్రంలో సాధారణంగా 200 సూదులు వరుసగా ఉంటాయి. పక్కపక్క సూదుల మధ్య దూరం 4.5 మిల్లీమీటర్లు. ప్రతి సూది కొన కొక్కెంలా వంగి ఉంటుంది. కొక్కెం వెనక చిన్న ఇరుసు మీద అటూ ఇటూ వాలే సన్నని లోహపు నాలుక ఉంటుంది. దానికి స్ప్రింగు లేదు, దాన్ని తిప్పే మీట లేదు. కిటికీకి లేసు తెర తయారయ్యేది ఆ నాలుక కదలికతోనే.

సూదుల మీదుగా అటూ ఇటూ జరిగే క్యారేజీని లాగినప్పుడు దాని అడుగున ఉన్న ఏటవాలు గాడి సూదిని ముందుకు నెడుతుంది. కొక్కెంలోని పాత ఉచ్చు నాలుకను వెనక్కి వాల్చి, దాన్ని దాటి సూది కాడ మీదికి చేరుతుంది. తెరుచుకున్న కొక్కెంలో కొత్త నూలు పడుతుంది. సూది వెనక్కి వచ్చేటప్పుడు అదే పాత ఉచ్చు నాలుకను ఎత్తి కొక్కేన్ని మూస్తుంది, మూసిన కొన మీదుగా జారిపోతుంది. కొత్త నూలు ఆ ఉచ్చులోంచి దూరి తానే కొత్త ఉచ్చవుతుంది. అంటే కొక్కేన్ని తెరిచేదీ మూసేదీ నూలే. సూది ఎంత లోతుకు వెనక్కి వస్తే ఉచ్చు అంత పెద్దది. క్యారేజీ మీది డయల్ మార్చేది ఈ లోతునే.

1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ కనిపెట్టిన మేజోళ్ల యంత్రంలో ఈ నాలుక లేదు. అతని సూదికి పొడవుగా వెనక్కి వంగిన గడ్డం ఉండేది. ప్రతి వరుసకూ ఆ గడ్డాలను అదిమి మూయడానికి వేరే పట్టీ కావలసి వచ్చేది. 1840ల చివర లెస్టర్‌కు చెందిన మాథ్యూ టౌన్సెండ్ నాలుక సూదితో ఆ పట్టీ అవసరం తీరిపోయింది. అయినా సన్నని అల్లికల్లో గడ్డం సూది చాలాకాలం నిలిచింది. 1860లలో అమెరికాలో ఐజాక్ లాంబ్ చదునైన అల్లిక యంత్రానికి నాలుక సూదినే వాడాడు. ఇరవయ్యో శతాబ్దంలో జపాన్ కంపెనీలు ఇలాంటి యంత్రాలను ఇళ్లలోకి తెచ్చాయి.

ఇక లేసు విషయానికొస్తే, చేత్తో అల్లే నరసాపురం క్రోషే లేసులో ఒక ఉచ్చు ముగిశాకే తరవాతిది మొదలవుతుంది. యంత్రం మీద వరుసలోని ఉచ్చులన్నీ సూదుల మీద తెరిచే ఉంటాయి కాబట్టి ఒక ఉచ్చును పక్క సూదికి మార్చవచ్చు. ఇందుకు కొనకు కన్నున్న చిన్న పనిముట్టు చాలు. కన్నును కొక్కేనికి తగిలించి సూదిని ముందుకు లాగితే ఉచ్చు నాలుక వెనక్కి పోతుంది. సూదిని వెనక్కి నెడితే ఉచ్చు పనిముట్టు మీదికి వస్తుంది. దాన్ని పక్క సూదికి ఎక్కిస్తే అక్కడ రెండు ఉచ్చులు, ఇక్కడ ఖాళీ సూది. తరవాతి వరుసలో నూలు ఖాళీ కొక్కెంలో ఊరికే పడుతుంది, ఆపై వరుసలో అది ఉచ్చవుతుంది. దాని కింద చిల్లు మిగులుతుంది. ఉచ్చుల లెక్క మాత్రం మారదు. ఖాళీ సూది నాలుకను తెరవడానికి ఉచ్చే ఉండదు. అందుకే క్యారేజీకి అమర్చిన బ్రష్షులు నాలుకలను తెరిచి పట్టుకుంటాయి.

చేత్తో వందల ఉచ్చులు మార్చడం కష్టం. ఆ పనిని లేసు క్యారేజీ, పంచ్‌కార్డు పంచుకుంటాయి. 24 సూదుల నమూనా ఉన్న కార్డులో చిల్లున్న చోట సూది ఎంపికవుతుంది. బ్రదర్ కంపెనీ యంత్రాల్లో లేసు క్యారేజీ ఎంపికైన ఉచ్చులను మారుస్తుంది, తరవాత మామూలు క్యారేజీ వరుసలు అల్లుతుంది.

తెర వెడల్పుకు సూదుల సంఖ్యే హద్దు, పొడవుకు హద్దు లేదు. ముందుగా అదే నూలుతో నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలవాలి. 10 సెంటీమీటర్లకు 28 ఉచ్చులు వస్తే 70 సెంటీమీటర్ల తెరకు 196 సూదులు పడతాయి. నూలు బరువుకు అల్లిక కిందికి సాగుతుంది కాబట్టి నమూనాను వేలాడదీసి కూడా కొలవాలి. పైన కడ్డీ దూర్చే మడతకు కావలసిన పొడవును రెట్టింపు అల్లి, మడిచి కుడతారు.

యంత్రం మీంచి దించినప్పుడు లేసు ముడుచుకుని, చిల్లులు మూసుకుని ఉంటుంది. తడిపి, కావలసిన కొలతకు చాచి, అంచుల వెంట గుండుసూదులు గుచ్చి ఆరనివ్వాలి. నూలు ఆ ఆకారంలోనే కుదురుకుని చిల్లులు విప్పారుతాయి. మళ్లీ ఉతికినప్పుడల్లా ఇదే పని చేస్తే తెర కొలత నిలుస్తుంది.