మైసూరు చేరిన పులులు

చనిపోయిన జంతువు చర్మాన్ని పదునుచేసి, లోపల కృత్రిమ దేహాన్ని అమర్చి, బతికున్నప్పటి రూపం తెప్పించే పనిని టాక్సిడెర్మీ అంటారు. మన దేశంలో ఈ పనికి మైసూరులోని వాన్ ఇంజెన్ అండ్ వాన్ ఇంజెన్ సంస్థను మించిన పేరు లేదు. డచ్చి మూలాలున్న యూజీన్ వాన్ ఇంజెన్ 1900 ప్రాంతంలో దీన్ని స్థాపించాడు. ఆయన తర్వాత కొడుకులు నడిపారు. వారిలో బోథా, డి వెట్, జూబర్ట్‌లకు తండ్రి దక్షిణాఫ్రికా బోయర్ సేనానుల పేర్లు పెట్టాడు. 1999లో మూతపడేలోగా ఈ సంస్థ చేతుల మీదుగా వెళ్లిన పులులు, చిరుతలు కలిపి 43 వేలకు పైనే అని దాని చరిత్ర రాసిన పాట్ మారిస్ లెక్కగట్టాడు. 1972 గణనలో దేశమంతటా తేలిన పులులు 1,827. ఈ రెండు అంకెలూ తెలిశాకే ఆ పనితనం గురించి మాట్లాడుకోవడం న్యాయం.

సంస్థానాధీశులకు, బ్రిటిష్ అధికారులకు అప్పట్లో పులివేట హోదాకు గుర్తు. హైదరాబాద్ సంస్థానంలోని నెక్కొండ అడవుల్లో 1902లో వైస్రాయ్ కర్జన్ ఆడిన వేటను రాజా దీనదయాళ్ తీసిన ఫోటోలు ఈనాటికీ చెబుతున్నాయి. అయితే ఫోటోతో వేటగాడి కోరిక తీరేది కాదు. పులి తల గోడ మీద, చర్మం నేల మీద ఉండాలి. స్వాతంత్ర్యం తర్వాత షికారు కంపెనీల వెంట వచ్చిన విదేశీ వేటగాళ్లదీ అదే కోరిక.

నిజానికి ఈ పనిలో సగం అడవిలోనే జరిగిపోవాలి. మన ఎండలకు చచ్చిన జంతువు గంటల్లో కుళ్లడం మొదలుపెడుతుంది. చర్మంలో బ్యాక్టీరియా చేరితే వెంట్రుకలు కుచ్చులుగా ఊడిపోతాయి. అలా పాడైన తోలును ఎంత గొప్ప పనివాడూ బాగుచేయలేడు. అందుకే గడ్డం కింది నుంచి తోక వరకు పొట్ట మీదుగా కోసి తోలు ఒలిచి, కొవ్వునూ మాంసపు పీలికలనూ గీకేసి, ఉప్పు దట్టంగా పట్టించి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పైకి ఎండినట్టే ఉండి లోపల చెడుతుంది. పెదవులు, ముక్కుపుటాలు, చెవులు, పాదాల వేళ్ల సందులు ముందుగా పాడయ్యే చోట్లు. చెవి తోలును లోపలి మృదులాస్థి నుంచి విడదీసి, తిరగేసి మరీ ఉప్పు రుద్దాలి. తోలు ఒలవకముందే కొలతలు రాసుకోవాలి. ముక్కు దగ్గరొకటి, తోక చివర ఒకటి మేకులు పాతి, వాటి మధ్య దూరం కొలిస్తేనే నిజమైన పొడవు. ఒంటి వంపుల మీదుగా టేపు పరిస్తే పులి పెద్దదవుతుంది. గొప్పలు చెప్పుకోదలచిన వేటగాళ్లకు ఇష్టమైన కొలత అదే.

కార్ఖానాకు చేరిన తోలును నానబెట్టి, పదునుచేసి, లోపలి వైపు పలుచగా చెక్కుతారు. మందంగా వదిలేస్తే ముఖం మీది సన్నని మడతలు కనిపించవు. తర్వాతిది లోపలి దేహం. ఒకప్పుడు గడ్డీ పీచూ కుక్కి కుట్టేసేవారు. అలా చేసిన జంతువు బస్తాలా ఉబ్బి ఉండేది. వాన్ ఇంజెన్ల గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. కండరాల పొందికను అధ్యయనం చేసి బొమ్మలు మలిచి, వాటి నుంచి రకరకాల పరిమాణాల్లో అచ్చులు తీసుకున్నారు. కాగితపు గుజ్జును పొరలుపొరలుగా అచ్చులో పరిస్తే తేలికైన, గట్టి దేహం తయారవుతుంది. కొలతలకు దగ్గరైన దేహాన్ని ఎంచి తోలు తొడిగి, గాజు కళ్లు పెట్టి, కనురెప్పల అంచులనూ పెదవులనూ మట్టితో సరిదిద్ది, చివరికి ముక్కుకూ నోటికీ రంగులు వేస్తారు. గుర్రుమనే పులి నుదుట పడే ముడతలు, పైకి లేచిన పెదవి, వెనక్కి వాలిన చెవులు ఒకదానితో ఒకటి కుదరకపోతే కోపం కాస్తా వెక్కిరింతలా కనిపిస్తుంది. మైసూరు పులుల ముఖాల్లో ఆ పొరపాటు అరుదు. చావును ఆశ్రయించిన వృత్తే అయినా, అందులో జంతువును అంత శ్రద్ధగా గమనించిన కళ్లున్నాయి.

చేపలతో చిక్కు వేరు. చేప తోలులో నూనె ఎక్కువ, చచ్చిన కాసేపటికే రంగులు వెలిసిపోతాయి. కాబట్టి చేప నమూనా మీద కనిపించే రంగు దాదాపు అంతా పనివాడు వేసినదే. గాలం వేటలోనూ వాన్ ఇంజెన్ల పేరుంది. 1946లో కావేరి ఉపనది కబినిలో డి వెట్ వాన్ ఇంజెన్ పట్టిన మహసీర్ 120 పౌండ్లు, అంటే 54 కిలోలకు పైమాటే. కావేరి పరీవాహకానికే పరిమితమైన మూపురపు మహసీర్‌ను 2018లో తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. విదేశాల్లో ఇప్పుడు చాలామంది గాలం వేటగాళ్లు చేప పొడవు, చుట్టుకొలత రాసుకుని, ఫోటో తీసి నీళ్లలో వదిలేస్తారు. ఆ కొలతలతో ఫైబర్‌గ్లాస్ నమూనా తయారవుతుంది. గోడకు చేపా దక్కుతుంది, నదికి చేపా మిగులుతుంది. ఇంతకంటే మేలైన పద్ధతి మరొకటి లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మైసూరు సంస్థకు పని తగ్గిపోయింది. 1991 సవరణతో వేట లైసెన్సుల విధానమే పోయింది. సోదరుల్లో చివరివాడైన జూబర్ట్ 2013లో, నూరేళ్లు నిండాక కన్నుమూశాడు. ఈ విద్య మాత్రం జంతుప్రదర్శనశాలల్లో చనిపోయిన జంతువులను బోధన కోసం భద్రపరచడానికి ఉపయోగపడుతోంది. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009లో అందుకోసమే ఒక కేంద్రం ఏర్పడింది. పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే డాక్టర్ సంతోష్ గైక్వాడ్ దానికి ఆధారమయ్యారు.

పాత జమీందారీ ఇళ్లలో, బంగ్లాల్లో ఇంకా పులి తలలు, చర్మాలు ఉన్నాయి. వాటికి అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అమ్మడం, కొనడం నేరం. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. పురుగు పట్టకుండా ఆ రోజుల్లో తోలుకు ఆర్సెనిక్ విషం పూసేవారు. అందువల్ల పాత నమూనాలను ఉత్త చేతులతో తుడవకూడదు, పిల్లలను తాకనివ్వకూడదు.