మందుతో వచ్చే చిక్కు: నాళంలో నెత్తురు గడ్డ

మీ వేలు తెగితే ఏమవుతుంది? కొద్ది నిమిషాల్లో రక్తం గడ్డకట్టి, కారడం ఆగిపోతుంది. అలా జరగకపోతే చిన్న గాయమే ప్రాణం మీదికి తెస్తుంది. మరి గాయమేదీ లేకుండా రక్తనాళం లోపలే రక్తం గడ్డకడితే? అదీ అపాయమే. ప్రాణం నిలిపే ఒక మందు వల్ల ఈ చిక్కు ఎలా వస్తుందో చూద్దాం.

లుకేమియా అంటే రక్తకాన్సరు. ఇందులో ఎముకల మూలుగలో పక్వం కాని తెల్ల రక్తకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీనికి వాడే మందుల్లో ఆస్పరాజినేజ్ ముఖ్యమైనది. 1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే శాస్త్రజ్ఞుడు గినీపిగ్ సీరం ఎక్కిస్తే ఎలుకల్లో లింఫోమా అనే కాన్సరు గడ్డలు కరిగిపోవడం గమనించాడు. ఆ సీరంలోని ఆస్పరాజినేజ్ అనే ఎంజైమే ఇందుకు కారణమని తరువాత జాన్ బ్రూమ్ కనిపెట్టాడు. ఇప్పుడు దీన్ని బాక్టీరియాల నుంచి తయారుచేస్తున్నారు.

ఇది ఎలా పనిచేస్తుందంటారా? ప్రోటీన్ల తయారీకి ఆస్పరాజిన్ అనే ఎమైనో ఆమ్లం కావాలి. మామూలు కణాలు చాలావరకు దాన్ని తామే తయారుచేసుకుంటాయి. లుకేమియా కణాలకు ఆ శక్తి చాలదు. అవి రక్తంలో ఉన్నదాని మీదే ఆధారపడతాయి. మన ఎంజైము రక్తంలోని ఆస్పరాజిన్‌ను ఆస్పార్టిక్ ఆమ్లంగా, అమ్మోనియాగా విడగొట్టేస్తుంది. తిండి కరువై లుకేమియా కణాలు చస్తాయి.

అయితే ఈ కరువు కాలేయానికీ కొంత తగులుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజన్ తయారయ్యేది అక్కడే. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే యాంటీత్రాంబిన్ తయారయ్యేదీ అక్కడే. సైకిలుకు పెడలూ కావాలి, బ్రేకూ కావాలి గదా! మందు వల్ల రెండూ తగ్గుతాయి. బ్రేకు మరీ సడలితే కాలి సిరల్లో, చేతి సిరల్లో, ఒక్కొక్కప్పుడు మెదడు సిరల్లో రక్తం గడ్డకడుతుంది. దీనితోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆ అపాయాన్ని ఇంకా పెంచుతాయి.

గడ్డ పెరగకుండా హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. హెపారిన్ తానొక్కటే పనిచేయదు. యాంటీత్రాంబిన్‌ను చురుకుపరచడమే దాని పని. యాంటీత్రాంబినే తక్కువైతే హెపారిన్ బలం తగ్గుతుంది. పోనీ, మోతాదు బాగా పెంచుదామా? లుకేమియా రోగికి రక్తఫలకికలు తక్కువగా ఉండవచ్చు. అప్పుడు రక్తస్రావం భయం! అందుకే వైద్యులు రక్తపరీక్షలు చేస్తూ మోతాదు నిర్ణయిస్తారు.

ఈ మందు వాడుతున్నవారికి తీవ్రమైన తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వచ్చినా, ఒక కాలో చెయ్యో వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి. భయపడి మందు తామే మానేయకూడదు. వైద్య సదుపాయాలు బాగా ఉన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 10 మందికి సుమారు 9 మంది నేడు బతికి బయటపడుతున్నారు. అందులో ఈ ఎంజైము పాలు తక్కువేమీ కాదు. మందు చేసే మేలుతోపాటు చేయగల కీడునూ ముందే తెలుసుకుని కాపుకాయడం వల్లనే ఇది సాధ్యమైంది.