నైరూప్యచిత్రకళ యెచట జనించెను?

వృక్షమునుగాని మనుష్యునిగాని పోలక, కేవల రేఖావర్ణములతో రచింపబడు నైరూప్యచిత్రము 1910 ప్రాంతమున ఐరోపాయందు కాండిన్‌స్కీచే పుట్టినదని కళాచరిత్రకారులు చిరకాలము వ్రాసిరి. ఈ మాట విచారణకు నిలువదు.

స్వీడను చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906లోనే యట్టి చిత్రములు వ్రాయనారంభించెను. ఆమె 1944లో గతించెను. 1986 నాటి లాస్ ఏంజిలిస్ ప్రదర్శనమునకు పిమ్మటగాని లోకమామెను గుర్తింపలేదు. హాలెండు చిత్రకారుడు మోండ్రియాన్ 1909లో, మద్రాసు చెంతనున్న అడయారు కేంద్రముగా గల దివ్యజ్ఞానసమాజమున సభ్యుడాయెను. ప్రత్యక్షరూపమునకు వెనుకనున్న తత్త్వమును చిత్రింపవలెనను వాంఛ వీరిరువురకును ఆ సమాజపు బోధలవలన బలపడెను.

ఇక ప్రాచీనత యందుమా, దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహయందు దొరకిన కావిరాతిపై చెక్కిన జాలరేఖలు 70,000 ఏండ్లకు పైబడినవి. స్పెయినులోని అల్‌హంబ్రా కుడ్యములపై 14వ శతాబ్దిలో పరచిన నక్షత్రరేఖలును, మన యిల్లాండ్రు చుక్కలచుట్టు త్రిప్పు మెలికముగ్గులును ఏ రూపమును పోలియున్నవి?

ఐరోపావారి నూతనత్వము లేకపోలేదు. పూజకుగాని గృహాలంకరణమునకుగాని కాక, రూపరహితచిత్రము తనంతట తానే నిలువగలదని వాదించి గ్రంథములు రచించుట వారి కీర్తి. కాని పటముగట్టి గోడకు తగిలించినది కళ, వాకిట తీర్చినది అలంకారమాత్రమనుట న్యాయము గాదు. రేఖకు విలువకట్టువారు దాని జన్మస్థలము నడుగరాదు.