ప్రోగ్రెస్ కార్డు పిల్లలే చదివి చెబితే

నేను ఏడో తరగతిలో ఉండగా మా అమ్మను బడికి పిలిపించారు. ఆ రోజు కలుపు కూలి మానుకుని వచ్చింది. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడింది. సారు తలెత్తకుండా నా మార్కులు చదివి, "ఇంట్లో కాస్త చదివించండమ్మా" అన్నారు. అమ్మకు చదువు రాదని అప్పుడే ఆమె వేసిన వేలిముద్ర చూసి కూడా! తిరిగొస్తూ దారిలో అమ్మ అడిగింది: "ఇంతకీ నీకేం రావట్లేదంటనే?" నాకు రానిది భాగహారం. ఆ సంగతి సారు చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు పేరెంట్ టీచర్ మీటింగులు ఘనంగానే జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పీటీఎం పెట్టారు. వాడ నుంచి వచ్చిన తల్లి బడిలో అందరితో కలిసి కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు. కానీ చదువు దగ్గరికొచ్చేసరికి మాట్లాడేది టీచర్, తలూపేది తల్లి. పిల్లలు మధ్యలో నేరం చేసినవాళ్లలా నిలబడతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మనవాళ్ల పేర్లు ఉంటాయి. మాట మాత్రం ఉండదు.

అమెరికాలో చాలా బడులు కొన్ని దశాబ్దాలుగా దీన్ని తిరగేసి చేస్తున్నాయి. అక్కడ సమావేశం నడిపేది విద్యార్థే. ముందుగా తన పనిలోంచి మూడు నాలుగు కాగితాలు తనే ఎంచుకుంటుంది. మొదట్లో తప్పులతో చేసిన లెక్క, ఇప్పుడు చేసిన లెక్క పక్కపక్కన పెడుతుంది. ఏం వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఎవరి సాయం కావాలి అన్నది తోటివాళ్ల దగ్గర ఒకసారి చెప్పి చూసుకుంటుంది. తర్వాత తల్లి పక్కన కూర్చుని ఆ కాగితాలు చూపిస్తూ, ఇంట్లో మాట్లాడే భాషలోనే చెబుతుంది. టీచర్ వింటారు, అవసరమైతే కలగజేసుకుంటారు. చదువు రాని తల్లికి కూడా రెండు కాగితాల మధ్య తేడా కంటికి కనిపిస్తుంది. ప్రశ్న అడగడానికి ఆమెకు ఇంగ్లీషూ అక్కర్లేదు, సారు ముందు బెరుకూ అక్కర్లేదు. తన బిడ్డనే కదా అడిగేది.

పిల్లలకు అంత చేతనవుతుందా అనేవాళ్లకు ముక్తా సాల్వేను గుర్తుచేస్తాను. ఫూలే దంపతుల బడిలో చదివిన ఈ మాంగ్ బాలిక 14 ఏళ్ల వయసులో మాంగ్, మహార్‌ల దుఃఖం మీద రాసిన వ్యాసం 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది.

అయితే జాగ్రత్తలు ఉన్నాయి. దీన్ని పిల్లలు తప్పులు ఒప్పుకునే తంతుగా మార్చకూడదు. ర్యాంకుల ఊసు అసలే వద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: కులం పేరుతో తిట్టిన టీచరే ఎదురుగా కూర్చుంటే ఏ పిల్లా నోరు విప్పదు. అలాంటి ఫిర్యాదులకు వేరే దారి ఉండాల్సిందే. ఈ సమావేశం దానికి బదులు కాదు.

2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డులో విద్యార్థి స్వీయ మూల్యాంకనం కూడా ఉండాలంటోంది. అంటే కాగితం మీద చోటు ఇప్పటికే ఉంది. ఇక సమయం: 40 మందికి తలా 15 నిమిషాలంటే 10 గంటలు. అందుకే ఒకే గదిలో నాలుగైదు కుటుంబాలను విడివిడిగా కూర్చోబెట్టి, టీచర్ వాళ్ల మధ్య తిరుగుతారు. మన దగ్గర పెడితే కూలి పనులు ముగిశాక, సాయంత్రం పూట పెట్టాలి. వచ్చిన ప్రతి తల్లికీ కుర్చీ వేయాలి.