సెల్లార్ తవ్వాలంటే ముందు నీటి లెక్క చూడాలి

చికాగోలో కొడుకింట్లో ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లు అక్కడి బేస్‌మెంట్ గురించి చెప్పకుండా ఉండరు. వాషింగ్ మెషీన్, హోమ్ థియేటర్, చుట్టాలొస్తే పడకలు, అన్నీ కిందేనట. డాలస్‌లో కూతురున్నవాళ్లకు ఆ ముచ్చట లేదు. అక్కడ ఇళ్లకు బేస్‌మెంట్లు చాలా అరుదు. దేశం ఒకటే, నేల వేరు. చికాగో చలికి నేలలోని తేమ గడ్డకడుతుంది. అది కింది నీటిని పైకి లాక్కుంటూ మంచు పొరలుగా పెరిగి పునాదినే ఎత్తేస్తుంది. అందుకే అక్కడ పునాది కనీసం 42 అంగుళాల లోతుకు వెళ్లాలి. ఎలాగూ అంత తవ్వాక ఇంకాస్త దిగితే ఒక అంతస్తు కలిసొస్తుంది. డాలస్‌లో చలి అంత లోతుకు దిగదు, పైగా అక్కడి బంకమట్టి మన నల్లరేగడికి దగ్గరి చుట్టం.

మనకు మంచు బెడద లేదు కాబట్టి సెల్లార్ కోసం తవ్వే ప్రతి అడుగూ పూర్తిగా అదనపు ఖర్చే. అయినా 200 గజాల స్థలం, రెండు కార్లు, కింద అద్దెకివ్వడానికి ఒక పోర్షన్ అనుకునేసరికి అందరి చూపూ నేల కిందికే పోతుంది. చిన్న ప్లాటుకు సెల్లార్ అనుమతి వస్తుందో రాదో మున్సిపల్ ఆఫీసులో ముందే కనుక్కోండి. వచ్చినా అది పార్కింగుకే తప్ప కాపురానికి కాదు.

హైదరాబాద్‌లో ఈ విషయం ఎత్తితే వెంటనే వినిపించే మాట ఒకటుంది. “మా బోరులో 800 అడుగులు దిగితే గానీ నీళ్లు పడలేదు, సెల్లార్‌లోకి ఎక్కణ్నుంచి వస్తాయి?” వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బోరుకు అందే నీరు వేరు, సెల్లార్‌ను ముంచే నీరు వేరు. నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద షీట్ రాక్. లోతు బోరుకు నీరందేది ఆ రాతి పగుళ్లలోంచి. వాన నీరు మాత్రం మట్టిలోంచి, మొరంలోంచి దిగి గట్టి రాయి తగలగానే ఆగిపోతుంది. తర్వాత రాయి వాలును బట్టి పక్కకు జారుతుంది. సరిగ్గా ఆ దారిలో మనం గొయ్యి తవ్వుతాం. గోడ కట్టేందుకు మనిషి నిలబడాలి గనక రాతికీ గోడకూ మధ్య రెండు మూడడుగుల సందు వదులుతారు, ఆనక వదులు మట్టితో పూడ్చేస్తారు. చుట్టూ రాయి కావడంతో ఆ సందులో చేరిన నీరు ఇంకే దారి లేదు. బోర్లు ఎండిన వీధిలో కూడా సెల్లార్ గోడ వెనక నడుమెత్తు నీళ్లు నిలవడానికి కారణం ఇదే.

నిలిచిన నీరు ఊరికే ఉండదు, కిందినుంచి పైకి తోస్తుంది. ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతున్న సెల్లార్ అనుకోండి. అది తొలగించే నీటి పరిమాణం 340 ఘనపు మీటర్లు. అంటే చుట్టూ నీరు అంచుదాకా నిండితే పైకి తోసే బలం 340 టన్నులు. అడుగు రాఫ్టు, నాలుగు గోడలు, పై స్లాబు కలిపితే మామూలుగా వచ్చే బరువు 200 నుంచి 250 టన్నులు. తేడా మీకే కనిపిస్తోంది. మీద అంతస్తులు లేవనప్పుడు ఖాళీ సెల్లార్ ఒక కాంక్రీటు పడవ. ఒక మూల లేచిందంటే చాలు, రాఫ్టు పగులుతుంది. పైన రెండంతస్తులు పడితే ఆ గండం గడిచినట్టే. కాబట్టి అసలు ప్రమాదం పని సగంలో ఉండగా వానాకాలం రావడం. ఆ రెండంతస్తులు పడేదాకా చుట్టూ చేరే నీటిని మోటార్లతో తోడుతూనే ఉండాలి. మరీ ముంచుకొస్తే అనుభవమున్న ఇంజినీరు సెల్లార్‌ లోపలికే నీళ్లు వదిలేస్తాడు, బరువు పెరిగి అది కదలకుండా ఉంటుందని. ఓనర్లకు అది పిచ్చి పనిలా తోస్తుంది గానీ అదే సరైన పని. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఆదేశాలిచ్చేది మాత్రం మరో భయంతో. తడిసిన గొయ్యి అంచు కూలితే పక్కింటి పునాది కూడా జారుతుంది.

ఇక కారడం సంగతి. నీరు ఎక్కువగా వచ్చేది రాఫ్టూ గోడా కలిసే అతుకులోంచి. ఒకటి ఒక రోజు పోస్తారు, రెండోది ఇంకో రోజు. మధ్యలో పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీ సగం కింది కాంక్రీటులో, సగం పై కాంక్రీటులో మునిగి నిటారుగా నిలబడాలి. కడ్డీలకు అడ్డొస్తోందని దాన్ని మడిచేస్తే, వైబ్రేటర్ సరిగ్గా ఆడక పట్టీ పక్కన కంకర తేలిపోతే, పట్టీ ఉన్నా లేనట్టే. కాంక్రీటు పోసే రోజు ఓనరు అక్కడ ఉండి చూడాల్సిన చోటు ఇదొక్కటే అంటాను. వాటర్‌ప్రూఫింగ్ బయటివైపు చేయాలి, మట్టి పూడ్చకముందే చేయాలి. షాబాద్ బండలతో చుట్టూ పెట్టెలా కట్టి, సందుల్లో సిమెంటు పాలు పోసే పాత పద్ధతి ఇప్పటికీ నమ్మదగిందే. తర్వాత లోపల ఎన్ని పూతలు పూసినా వెనకనుంచి నీరు వాటిని తోసి ఊడగొడుతుంది. కింద సంప్, మోటారు తప్పనిసరి. అయితే జడివాన కురిసే రాత్రే కరెంటు కూడా పోతుంది. ఆ మోటారుకు వేరే కరెంటు ఏర్పాటు ఉండాలి, మెయిన్ బోర్డూ ఇన్వర్టరూ పైఅంతస్తులో ఉండాలి.

నల్లరేగడిలో ఇంకో చిక్కు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ మట్టి గోడలను పక్కనుంచి నెడుతుంది. ఉబ్బే మట్టి ఒత్తిడి చదరపు మీటరుకు 10 టన్నులు దాటే నేలలున్నాయి. ఈ మట్టి కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్‌ను రూపొందించింది. అవి నిలబెట్టేది పునాదిని, సెల్లార్ గోడను కాదు. కోనసీమలో, కృష్ణా డెల్టాలో అసలు ఈ ప్రశ్నే రాదు. నాలుగైదు అడుగులకే నీరు తగిలేచోట మెరక వేసి ఇల్లు కట్టుకోవడమే మంచిది.

మనుషుల ప్రాణాల మాటా ఉంది. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంటులోకి వరద దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మూడడుగుల వెడల్పున్న తలుపు బయట అడుగున్నర నీరు నిలిస్తే దానిమీద పడే బలం సుమారు 95 కిలోలు. నీరు మూడడుగులకు పెరిగితే అది నాలుగింతలై 380 కిలోలవుతుంది. నేల కింద పడకగది, పిల్లల చదువుగది పెట్టొద్దనేది ఇందుకే.

సెల్లార్‌కు నేను సరే అనేది ఒక్కచోట: రాతినేల ఉండి, స్థలం బాగా వాలుగా ఉండి, పల్లపు వైపు గోడ రోడ్డుకు తెరుచుకునేట్టయితే. అప్పుడు మోటారు అవసరం లేకుండా నీరు తనంతట తనే బయటికి పోతుంది. చదునైన 200 గజాల్లో అయితే ఇంటిని స్తంభాల మీద లేపి కింద పార్కింగ్ వదిలే స్టిల్టే మేలు.

ఇంకా మనసు సెల్లార్ మీదే ఉంటే, మట్టి పరీక్షకు వేసిన బోరు గుంతను పూడ్చేయకుండా అందులో చిల్లులు పెట్టిన పీవీసీ పైపు దింపి మూత పెట్టండి. జూన్ నుంచి అక్టోబరు దాకా పెద్ద వాన పడ్డప్పుడల్లా తాడు వేసి నీటి మట్టం కొలిచి రాసుకోండి. మే నెలలో తవ్వి చూశాం, పొడిగా ఉందన్న మాట నమ్మి మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.