మన వివరాలు తెలిసినవాడల్లా బ్యాంకువాడు కాదు

క్రెడిట్ కార్డు జేబులో భద్రంగా ఉండగానే డబ్బు పోయే రోజులివి. మన దేశంలో ఆన్‌లైన్ కొనుగోలుకు కార్డు నంబరు, గడువు తేదీ, మూడంకెల సివివి, ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. మొదటి మూడూ కార్డు మీదే ఉంటాయి. వాటిని ఎలాగో సంపాదించిన మోసగాడికి దొరకనిది ఓటీపీ ఒక్కటే. అందుకే మనకు ఫోన్ చేస్తాడు.

'మీ లిమిట్ పెంచుతున్నాం', 'రివార్డు పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి' అంటూ మొదలుపెడతాడు. మన పేరు, పుట్టిన తేదీ, కార్డు చివరి నాలుగంకెలు తానే చెబుతాడు. ఇన్ని తెలిసినవాడు బ్యాంకువాడే అయి ఉంటాడని నమ్ముతాం. అసలు మోసం ఇక్కడే ఉంది. లక్కీ డ్రా ఫారాల్లో, అప్పులిచ్చే యాప్‌లలో, జెరాక్స్ కాగితాల్లో ఆ వివరాలు మనం ఎప్పుడో ఇచ్చినవే కావచ్చు. వివరాలు తెలియడం గుర్తింపు కాదు. అనుమానం వస్తే ఫోన్ పెట్టేసి, కార్డు వెనుక ఉన్న నంబరుకు మనమే చేయాలి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరవకూడదు. అది మన మెసేజ్‌లు చదవగలదు. అప్పుడు మనం నోరు విప్పకపోయినా ఓటీపీ పోతుంది.

డబ్బు పోతే నష్టం ఎవరిది? రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల్లో దీనికి సమాధానం ఉంది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు నష్టం ఉండదు. తప్పు బ్యాంకుదీ మనదీ కాక మరోచోట జరిగితే, సమాచారం అందిన 3 పనిదినాల్లోగా బ్యాంకుకు తెలిపినవారికీ నష్టం ఉండదు. ఆలస్యమైన కొద్దీ మన వాటా పెరుగుతుంది. మనమే ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మనదే. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. కాబట్టి ఇంట్లో తిడతారనో, నలుగురూ నవ్వుతారనో దాచిపెడితే నష్టమే పెరుగుతుంది. వెంటనే కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు రాసుకుని, 1930కి ఫోన్ చేయాలి.

ముందు జాగ్రత్తలూ కష్టమైనవి కావు. కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ లేకుండానే చెల్లింపు జరుగుతుంది. విదేశీ లావాదేవీలు అవసరం లేనివారు బ్యాంకు యాప్‌లో వాటిని ఆపివేయవచ్చు, ఖర్చుకు పరిమితి పెట్టుకోవచ్చు. 2022 అక్టోబరు 1 నుండి దుకాణాల వెబ్‌సైట్లు మన కార్డు నంబరు దాచుకోరాదు. దానికి బదులు టోకెన్ వాడాలి. ఆధార్ అడిగినచోట మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి. జెరాక్స్ ఇవ్వవలసివస్తే ఏ పనికి ఇస్తున్నారో తేదీతో సహా దానిమీద రాయండి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. హక్కు ఉన్నచోట బాధ్యతా ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పాటు పిల్లల ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు తీసుకునే మనలాంటి సంస్థలు వాటిని తాళం వేసి ఉంచాలి. పని తీరాక చించివేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు.

ఈ వ్యాసం చదివినవారు ఈ రోజే ఇంట్లోని పెద్దల ఫోన్‌లో బ్యాంకు నంబరు, 1930 సేవ్ చేసి పెట్టండి. అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే సమయం ఉండదు.